‘మీ లైను బాగుగనే యున్నది’

ఇంటర్నెట్ మందగించినదని కంపెనీవారికి ఫోను చేసిన ప్రతివారును వినియుండు వాక్యమే పై శీర్షిక. హోసూరునుండియు, బళ్ళారినుండియు, బరంపురమునుండియు మన పాఠకులు వ్రాయుచున్న లేఖలలో ఈ వాక్యము పదే పదే కనిపించుచున్నది. పగలెల్ల చక్కగ పనిచేయును. రాత్రి యేడుగంటలు దాటునప్పటికి పిల్లల పాఠముల వీడియో నిలిచి నిలిచి సాగును. దూరదేశముననున్న కుమారునితో మాటలాడుచుండగా తెరమీది బొమ్మ బిగుసుకొనిపోవును. వేగపరీక్ష చేసినచో 100 మెగాబిట్లును నిండుగ వచ్చుచున్నట్లే చూపును. ఫిర్యాదు చేసినచో పెట్టె నార్పి మరల వెలిగింపుమందురు. వెలిగించిన పిదప తమ గదిలో కూర్చుండి పరీక్షించి, ‘మీ లైను బాగుగనే యున్నది’ యని చెప్పి ఫిర్యాదును మూసివేయుదురు. లోపము తమ యింటిలోనే యున్నదేమోయని పాఠకులు పలువురు అంతటితో మిన్నకుండుచున్నారు. అట్లు మిన్నకుండవలసిన పనిలేదని చెప్పుటకే ఈ వారము ఈ విషయమును చేపట్టితిమి.

ఆ వాక్యమును పలికిన యువకుడు అబద్ధమాడలేదు. మన యింటికి వచ్చు ఫైబరులో వెలుతురు తగినంత యున్నదా లేదాయను సంగతి మాత్రమే అతని యెదుటి తెరపై కనబడును. వెలుతురు ఉన్నది, కావున లైను బాగుగనే యున్నది. చెడినది లైను కాదు, దారి. కంపెనీ కేంద్రమును దాటిన పిదప మన సమాచారము ఏ యూరిమీదుగ, ఎవరి తీగలలో, ఎంతటి రద్దీలో ప్రయాణించుచున్నదో ఆ యువకునికి తెలియదు. తెలిసినవారు వేరొక గదిలో నుందురు. వారికి మన ఫోను చేరదు. ఈ రెండు గదుల నడుమనున్న తలుపును తెరిపించుటయే అసలైన పని. మరమ్మతు తరువాతి మాట. లోపము కలదని వ్రాతమూలకముగ ఒప్పుకొనుట మొదటి మాట.

ఇంటర్నెట్ అనునది ఒక్క సంస్థ నడుపు వ్యవస్థ కాదు. 70,000కు పైగా స్వతంత్రమైన నెట్‌వర్కులు ఒకదానితో నొకటి ఒడంబడికలు చేసికొని కలిసియుండుటకే ఆ పేరు. మనము పంపునదెల్ల చిన్న చిన్న ప్యాకెట్లుగ విడిపోయి, రూటరునుండి రూటరునకు చేతులు మారుచు పోవును. ప్రతి రూటరునకును తరువాతి మజిలీ యేదో తెలియునేగాని దారి మొత్తము తెలియదు. ‘ఫలానా చిరునామాలకు నా గుండ పోవచ్చును’ అని ఒక నెట్‌వర్కు తన పొరుగునకు చాటును. ఆ పొరుగు మరియొక పొరుగునకు చాటును. ఈ చాటింపు పద్ధతికి బార్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు, 1989లో రూపొందినది. ఈ పద్ధతి దూరమును కొలవదు, కాలమును కొలవదు, రద్దీని కొలవదు. ఏ పొరుగువాని కప్పగించినచో ఖర్చు తక్కువయో, ఎవనివలన రాబడి కలదో లెక్కచూచుకొని కంపెనీ ముందుగనే వ్రాసియుంచిన నియమమే దారిని నిర్ణయించును. ఆ పైని మాత్రమే నడుమ నెన్ని నెట్‌వర్కులున్నవో చూచుట. కావున దగ్గరిదారి యుండగా ప్యాకెట్టు చుట్టుదారిని పోయినచో యంత్రము చెడినదని యనుకొనరాదు. యంత్రము తనకు చెప్పినట్లే చేసినది. మార్చవలసినది ఆ చెప్పిన మాటను. దానిని మార్చగలవారు కంపెనీవారొక్కరే. మనము పెట్టెను వేయిసార్లు ఆర్పి వెలిగించినను ఆ నియమము కదలదు.

మన సంఘీయులు నివసించు ఊళ్లకు ఈ సంగతి కొంత ప్రత్యేకముగ వర్తించును. హోసూరు బెంగుళూరునకు 40 కిలోమీటర్ల దూరముననే యున్నది. చెన్నపట్టణమునకు 300 కిలోమీటర్లకు పైన. అయినను టెలికాం లెక్కలలో అది తమిళనాడు సర్కిలులోనిది. బరంపురమునుండి ఇచ్ఛాపురము గంటలోపు ప్రయాణమే; కాని బరంపురము ఒడిషా సర్కిలు, ఇచ్ఛాపురము ఆంధ్రప్రదేశ్ సర్కిలు. గట్టునకు ఆవలనున్న మేనమామతో ఈవలి మేనల్లుడు మాటలాడవలెనన్నను, ఇరువురి కంపెనీలు కలిసికొను కూడలి యెచ్చటనున్నదో అచ్చటికి ఆ మాట పోయి రావలెను. ఆ కూడలి భువనేశ్వరమే కావచ్చును, కలకత్తాయే కావచ్చును, ముంబయియే కావచ్చును. మన ఊళ్లలో మరియొక చిక్కు కూడ కలదు. లైసెన్సులలో దేశమంతటికి చెల్లునవి, ఒక సర్కిలునకు చెల్లునవి, అంతకన్న చిన్న ప్రాంతమునకు చెల్లునవి యని మూడు తరగతులున్నవి. ఊరిలోని కేబులు సంస్థ పెద్ద కంపెనీనుండి కొని మనకు మారు అమ్మును. లోపము పైవారిదైనచో, ‘అది మా చేతిలో లేదు’ అను మాట వచ్చును. మన సమాధాన మొక్కటే: నెలనెల రొక్కము పుచ్చుకొన్నది మీరు; పైవారికి ఖాతాదారులు మీరు; వారిని అడుగవలసినవారును మీరే. మనము ఫోను చేసినచో పైవారు మన పేరైన వినరు.

దేశములోని రెండు కంపెనీల నడుమ రాకపోకలు విదేశములకు పోయి మరల దేశములోనికి వచ్చుచున్న దుస్థితిని తప్పించుటకే 2003లో నిక్సీ యను జాతీయ కూడలి సంస్థ ఏర్పడినది. మొదట నోయిడా, ముంబయి, చెన్నై, కలకత్తా నగరములలో నెలకొని, పిదప హైదరాబాదు, బెంగుళూరు మున్నగు చోట్లకు విస్తరించినది. మంచి పనియే. కాని కూడలి యుండుట వేరు; అందు మన కంపెనీ చేరుట వేరు; చేరిన పిదప తన చిరునామాలన్నిటిని అచ్చట చాటుట వేరు; ఆ కూడలికి తాను వేసికొన్న తీగ సాయంకాలపు రద్దీకి చాలుట మరియు వేరు.

దారి తప్పినదో లేదో తెలిసికొనుటకు ఇంజనీరు కానక్కరలేదు. గాజుతీగలో వెలుతురు సెకండునకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. అనగా 1,000 కిలోమీటర్ల దూరము పోయి మరల వచ్చుటకు 10 మిల్లీసెకండ్లు. చెన్నైకిని హైదరాబాదునకును రోడ్డుదూరము సుమారు 630 కిలోమీటర్లు. తీగ వంకరలు తిరిగినను, రూటర్లు కొంత జాగుచేసినను 20 మిల్లీసెకండ్లకు అటునిటుగ పని ముగియవలెను. 90 చూపినచో ఏదియో జరిగినది. చెన్నైనుండి సింగపూరునకు 2002లో వేసిన సముద్రగర్భపు కేబులు పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. హైదరాబాదు పోవలసిన ప్యాకెట్టు రాకపోకలు రెంటను సింగపూరు చుట్టి వచ్చినచో 64 మిల్లీసెకండ్లు అందులకే వ్యయమగును. ఇచ్చట నొక గుర్తు కలదు. ఈ యాలస్యము తెల్లవారుజామున నాలుగుగంటలకును, రాత్రి తొమ్మిదింటికిని ఒక్కతీరుగనే యున్నచో దారి పొడవైనదని యర్థము. తెల్లవారుజామున 20 యుండి, రాత్రి 90 అయినచో దారి సరియైనదే, ఎచ్చటనో కూడలి క్రిక్కిరిసినదని యర్థము. మొదటిదానికి నియమము మార్చవలెను. రెండవదానికి తీగ పెంచవలెను. కంపెనీవారు ఈ రెంటిని కలగలిపి ‘నెట్‌వర్కు రద్దీ’ యని ఒక్కమాటలో తేల్చివేయుదురు. పాఠకులు దానిని అంగీకరింపరాదు.

వేగపరీక్ష ఈ లోపమును ఏల చూపదో చెప్పుట సులభము. ఆ పరీక్ష సాధారణముగ మనకు దగ్గరనున్న కేంద్రమును ఎన్నుకొనును; అది తరచుగ మన కంపెనీ నెట్‌వర్కులోనిదే యగును. ఊరిలోని వీధిని కొలిచి ఊరు దాటిన వంతెన బాగున్నదనుట వంటిది. అమెరికాలో 2013–14 సంవత్సరములలో కామ్‌కాస్ట్ చందాదారులకు నెట్‌ఫ్లిక్స్ చిత్రములు రాత్రివేళ సరిగా రాకపోయినప్పుడును ఇండ్లకు పోవు లైన్లలో లోపము లేదు. రెండు నెట్‌వర్కులు కలియు కీలు ఇరుకైనది. 2014 ఫిబ్రవరిలో ఆ రెండు కంపెనీలును నేరుగ కలియుటకు ఒప్పందము చేసికొన్న పిదప వేగము పెరిగెను. అంతవరకు నెలల తరబడి చందా చెల్లించినవారిలో ఎందరు తమ మోడెములను తిట్టుకొనిరో!

రుజువు సంపాదించు సాధనము ప్రతి కంప్యూటరులోను ఉన్నది. 1988లో వాన్ జేకబ్సన్ వ్రాసిన ట్రేస్‌రూట్ అను కార్యక్రమము ప్యాకెట్టు తాకిన మజిలీలను వరుసగ చూపును. విండోసులో దానిని ట్రేసర్ట్ అందురు. దానిని నడుపుటలో రెండు మూడు జాగ్రత్తలు వలయును. వైఫైమీద కాక తీగతో పెట్టెకు కలిపి పరీక్షింపవలెను. లేకున్న కంపెనీవారు గోడలమీదికి నెపము నెట్టుదురు. నడుమనున్న ఒక మజిలీ మాత్రము జాగుచేసి, దాని తరువాతివి బాగుగ నున్నచో అది లోపము కాదు. పెద్ద రూటర్లు ఇట్టి విచారణలకు జవాబిచ్చుటను వెనుకకు నెట్టి అసలు పనిని ముందు చేయును. ఒక మజిలీయొద్ద మొదలైన నష్టము గమ్యమువరకు కొనసాగినప్పుడే అది నిజమైన నష్టము. దీనిని తెలియక పంపిన ఫిర్యాదులను నిపుణులు ఒక్క చూపుతో త్రోసిపుచ్చుదురు. అందులో వారి తప్పు లేదు. మరియు ట్రేస్‌రూట్ పోవు దారిని చూపునేగాని వచ్చు దారిని చూపదు. ఈ రెండును ఒక్కటి కాకపోవుట సర్వసాధారణము. కావున ఆవలివైపుననున్న మిత్రుని చేత మన చిరునామాకు ఒక పరీక్ష చేయించి జతపరుపవలెను. అదే గంటలో వేరొక కంపెనీ మొబైలు ద్వారా అదే గమ్యమునకు చేసిన పరీక్షను కూడ చేర్చినచో, ఆవలి కేంద్రమే చెడినదను వాదము నిలువదు.

మన సంఘ కార్యాలయపు లైను అనుభవమును ఇచ్చట చెప్పవచ్చును. కంపెనీ పేరు అనవసరము. పదకొండు ఫిర్యాదు సంఖ్యలు వచ్చినవి. పదకొండును ‘పరిష్కృతము’ అను సందేశముతో మూతపడినవి. పండ్రెండవమారు పైచెప్పిన విధముగ మూడురాత్రుల పరీక్షలను, ఒక ప్రశ్నను జతచేసి పంపితిమి: హైదరాబాదులోని ఫలానా చిరునామాకు మా రాకపోకలను ఏ కూడలిలో ఎవరికి అప్పగించుచున్నారు? రాత్రి తొమ్మిదిగంటలకు ఆ కూడలి తీగ నిండుచున్నదా? దీనికి పెట్టె నార్పుమని జవాబు చెప్పుటకు వీలులేదు గనుక కాగితము పైకి పోయెను. ఒక ఇంజనీరు ఫోను చేసి మర్యాదగ మాటలాడెను. రెండుదినములలో దారి మారి, 84 మిల్లీసెకండ్లు 22 అయ్యెను. కాని కంపెనీ పుస్తకములో వ్రాయబడినది మాత్రము ‘చందాదారుని యింట లోపము కనబడలేదు’ అనియే. మూడునెలల పిదప పాతదారి మరల వచ్చినప్పుడు పూర్వపు కథ ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. మొదటినుండి మొదలు పెట్టవలసి వచ్చినది. అదే వీధిలో అదే బాధపడుచున్న పదిమందికి మా మరమ్మతు గూర్చి తెలియనే లేదు. ఒప్పుకోలు లేని మరమ్మతు దయాభిక్ష వంటిది. దానిమీద మరునాడు మనకే హక్కును ఉండదు. అందుచేతనే వ్రాతమూలకముగ ఒప్పుకొనుట మొదటి మాట యంటిమి.

చిన్నవారిమి గనుక మన మాట వినలేదని పాఠకులు చింతింపవలదు. 2019 జూన్ 24వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ తన లోపలి యుపయోగమునకై కల్పించుకొన్న దారులు దాని ఖాతాదారైన ఒక లోహపరిశ్రమ గుండ వెరైజన్ అను మహాసంస్థను చేరెను. వెరైజన్ వానిని వడపోయక లోకమునకెల్ల చాటెను. ఇంటర్నెట్‌లో గొప్పభాగము ఆ సన్నని సందులోనికి మళ్లినది. క్లౌడ్‌ఫ్లేర్ అను పెద్దసంస్థ ఒక దశలో తన ప్రపంచపు రాకపోకలలో సుమారు 15 శాతము కోల్పోయెను. వారు వెరైజన్‌కు ఉత్తరములు వ్రాసిరి, ఫోనులు చేసిరి. ఎనిమిదిగంటలు గడిచినను జవాబు రాలేదని వారే బహిరంగముగ ప్రకటించిరి. సుమారు రెండుగంటలలో ఉపద్రవము శమించినది. అది వెరైజన్ వలన కాదు, ఆ చిన్నకంపెనీలోని ఇంజనీరులను వారు వెదకి పట్టుకొని మాటలాడుటవలన. ప్రపంచమున పేరుమోసిన నిపుణులకే ఈ గతి పట్టినప్పుడు హోసూరు గృహస్థునికి పట్టుటలో వింత లేదు. అందులోని కీలకమును మాత్రము గ్రహింపవలెను: వారు గట్టిగ అరచుటవలన కాదు, సరియైన బల్లను చేరుటవలన పని జరిగినది. ప్రతి నెట్‌వర్కునకును సాంకేతిక విషయములకై ఒక చిరునామా చిరునామాల రిజిస్ట్రీలో బహిరంగముగ నమోదై యుండును. మన దేశమున ఆ రిజిస్ట్రీ నిక్సీ క్రిందనే యున్నది. కస్టమర్ కేర్‌కు పంపు కాగితపు ప్రతిని అచ్చటికిని పంపుడు.

ఇక ప్రభుత్వ నియమముల సంగతి. 2006లో టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ చేసిన నియమములలో, కంపెనీ కేంద్రమునుండి అంతర్జాతీయ ద్వారమువరకు పోయి వచ్చుటకు 120 మిల్లీసెకండ్లలోపు పట్టవలెనని యుండెను. ఆ కాలములోపల మన ప్యాకెట్టు సింగపూరు రెండుమార్లు చూచి రాగలదు, నియమము భంగపడదు! ఆ నియమములు పోయి 2024 అక్టోబరు 1నుండి కొత్తవి వచ్చినవి. ఒక జిల్లాలో సేవ 24 గంటలకు పైగా నిలిచిపోయినచో చందాదారునకు పరిహారమీయవలెనని అందు చెప్పిరి. సంతోషమే. కాని చుట్టుదారిని పోవు లైను నిలిచిపోయిన లైను కాదు. అది నడుచుచునే యున్నది, సగము నడుచుచున్నది. మన బాధకు నియమావళిలో పేరు లేదు. పేరు లేనిదానిని లెక్కించువారు లేరు. దారి లోపమును ‘లోపము’గ పేర్కొని, దానికి గడువును, వ్రాతపూర్వక సమాధానమును విధింపవలెనని ట్రాయ్‌ను కోరవలసియున్నది.

అంతవరకు చేతనున్న మార్గములు లేకపోలేదు. 2012 నాటి ఫిర్యాదుల నియమముల ప్రకారము ప్రతి ఫిర్యాదునకును సంఖ్య ఈయవలెను. కంపెనీ చేసిన పరిష్కారము తృప్తికరము కాకున్న 30 దినములలో ఆ కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చును, రుసుము లేదు, 39 దినములలో తీర్పు చెప్పవలెను. అప్పీలునకు జవాబు వ్రాసి యీయవలసినదే గనుక, రెండవ గదిలోని తలుపును తట్టుటకు ఇదియే చక్కని యదను. మన పాఠకులలో అప్పీలువరకు పోయినవారు అరుదు. మూతపడిన ఫిర్యాదును మరల క్రొత్త ఫిర్యాదుగ పెట్టుచు కాలము గడుపుచున్నారు. వ్యక్తుల ఫిర్యాదులను ట్రాయ్ తానుగ విచారింపదు. అచ్చటికి నేరుగ వ్రాసి నిరీక్షించుట వృథా. అప్పీలుతోను కాకున్న వినియోగదారుల కమిషను కలదు. ఇట్టి తగాదాలు అచ్చటికి రాకూడదని 2009లో సుప్రీంకోర్టు చెప్పియుండెను. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, రావచ్చునని తేల్చినది. 2019 నాటి చట్టము టెలికాం సేవను ‘సేవ’ నిర్వచనములోనే చేర్చినది. మనము చెల్లించిన మొత్తము 5 లక్షలలోపైనచో దాఖలు రుసుము లేదు.

నియంత్రణ సంస్థ గట్టిగ నిలిచినచో ఒప్పుకోలు ఎంత త్వరగ వచ్చునో కెనడాలో చూచితిమి. 2022 జూలై 8న రోజర్స్ కంపెనీ మరమ్మతు పనిలో ఒక వడపోత నియమమును తొలగింపగా, దారుల చాటింపులు వెల్లువగ వచ్చిపడి మూలరూటర్లు కూలిపోయెను. కోటి ఇరువది లక్షలకు పైగా చందాదారులకు సేవ నిలిచినది; అత్యవసర ఫోనులును, బ్యాంకు చెల్లింపులును చెడినవి. అచ్చటి సంస్థ నాలుగుదినములలో ప్రశ్నలు పంపి, పదిదినముల గడువు పెట్టెను. కంపెనీ కారణమును వ్రాసి యిచ్చుకొన్నది. అది మహోపద్రవము గనుక అడిగిరి, మన సాయంకాలపు బాధను ఎవ్వరడుగుదురని కొందరనవచ్చును. ఒక్కరు వ్రాసిన ఎవ్వరును అడుగరు. ఒక ఊరిలో ఒక కంపెనీ చందాదారులు ఇరువదిమంది ఒకే రాత్రి, ఒకే గంటలో, ఒకే గమ్యమునకు చేసిన పరీక్షలను ఒక్క కాగితముగ చేర్చి పంపినచో, ‘మీ యింటిలో లోపము’ అను మాట ఇరువది యిండ్లకు అతుకదు.

కావున బరంపురము, హోసూరు, బళ్ళారి పాఠకులు వచ్చు సోమ, మంగళ, బుధవారములలో తెల్లవారుజామున ఐదుగంటలకు ఒకమారు, రాత్రి తొమ్మిదిగంటలకు ఒకమారు, తమకు నిత్యము పనిబడు ఏదైన ఒక్క గమ్యమునకు ట్రేస్‌రూట్ చేసి, కంపెనీ పేరును, లైను రకమును, పూర్వపు ఫిర్యాదు సంఖ్యలను వ్రాసి శనివారములోపల సంఘ కార్యాలయమునకు పంపవలెను. కంప్యూటరు వాడుక తెలియని పెద్దలు ఇంటి పిల్లలచేత చేయింపవచ్చును. అయిదు నిముషముల పని. ఊరివారీగ, కంపెనీవారీగ వేరుచేసి, ఒక్కొక్క కంపెనీకి ఒక్క విజ్ఞాపనగ కూర్చి, దాని అప్పిలేట్ అథారిటీకిని సాంకేతిక చిరునామాకును సంఘము తరపున పంపుదుము. వచ్చిన జవాబులను, రాని జవాబుల పట్టికను ఈ పత్రికలోనే ప్రకటింతుము.